పెరటిమెట్ల పిలుపు

ఆ వేసవి మొదట్లో మా వంటింట్లో పెద్దవాళ్లం ముగ్గురం నాలుకలు బయటపెట్టుకుని కూర్చునేవాళ్లం. కిటికీలోంచి తొంగిచూసిన పోస్ట్‌మ్యాన్, అపోలోనియా ఇంట్లో అందరికీ ఒకేసారి మతి పోయిందని వీధంతా చెప్పాడట.

అపోలోనియా అంటే నేనే, దగ్గరివాళ్లకు పోలాని. నిజానికి నాలుక బయటపెట్టాల్సింది మా అమ్మాయి బోగ్నా ఒక్కతే. పెట్టమన్నది పళ్ల డాక్టరు క్సావెరీ గారు. నేను చెర్రీపళ్లలో గింజలు తీస్తూ వాళ్లిద్దరినీ చూసి చూసి, నాకు తెలియకుండానే నా నాలుకా బయటపెట్టేదాన్ని.

"ఈ ఊరి నాలుకలన్నిటినీ జీవితమంతా తిట్టాను, లోపల పెట్టుకోండి, కదలకండి అని," అన్నారు క్సావెరీ గారు. "ఇప్పుడు రిటైరయ్యాక బయట పెట్టండమ్మా అని బతిమాలుతున్నాను. దేవుడికి నాతో భలే వేళాకోళం."

చేతిలో పుల్ల చివర గుండ్రటి అద్దం, పాత అలవాటు. ఆ అద్దం చూడగానే నా దవడ దానంతటదే బిగుసుకునేది.

"పళ్ల మధ్య పెట్టండి, బోగ్నా గారూ. కొరక్కండి. ఊదండి."

బోగ్నా ఊదింది. తుంపర్లు ఆయన కళ్లజోడు మీద పడ్డాయి.

"భేష్," అని ఆయన జేబురుమాలు తీసి తుడుచుకున్నారు. "అందుకే ఇంగ్లీషువాళ్ల దేశంలో ఎప్పుడూ వాన."

మా పెరటి కంచె దాటితే గ్లైడర్ల మైదానం. ఇంజిను లేని ఆ తెల్లటి విమానాలు పొద్దున తాడు పట్టుకుని లేచి, రోజంతా మబ్బుల కింద తిరిగి, సాయంత్రానికి చప్పుడు లేకుండా వచ్చి గడ్డిలో వాలతాయి. మైదానం పక్కన చెక్కగదిలో మైకు ముందు గొర్రెతోలు పరిచిన ఒక కుర్చీ ఉంది. మా ఆయన బోలెక్ అందులో కూర్చునే పైనున్నవాళ్లకు గాలి ఎటునుంచి వీస్తోందో, ఏ వైపునుంచి దిగాలో చెప్పేవాడు. ఆయన పోయాక బోగ్నా కూర్చుంది. భర్తతో విడిపోయి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్న పిల్లను ఆ మైకే మళ్లీ మాట్లాడించింది.

ఆ ఏడాది మా మైదానంలో మొదటిసారి బయటి దేశాల వాళ్లకు పోటీలు పెట్టారు. మనుషులు ఎక్కడెక్కడినుంచో వస్తారు. రేడియోలో అంతా ఇంగ్లీషే. మా బళ్లలో నేర్పింది రష్యన్. క్లబ్బు పెద్ద లుడ్విక్ గారు ఏప్రిల్‌లోనే వచ్చి, టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని చెప్పేశారు.

"బోగ్నా గారూ, ఏమీ అనుకోకండి. పొజ్నాన్ నగరంలో ఓ కాలేజీ అమ్మాయి ఉంది. ఇంగ్లీషు గలగలా మాట్లాడుతుంది."

"గ్లైడరుకు తోక ఎటుంటుందో తెలుసా ఆ అమ్మాయికి?"

"తెలీదు. నేర్పుకుంటాం."

"అయితే నాకు ఇంగ్లీషు నేర్పుకోండి."

లుడ్విక్ గారు మెత్తటి మనిషి. పోటీలకు ముందు సాధన రోజులు ఉంటాయి కదా, ఆ రోజుల్లో విదేశీయులకు బోగ్నా మాట అర్థమైతే కుర్చీ బోగ్నాదే, లేకపోతే లేదు అని ఒప్పుకుని వెళ్లారు. ఆయన గేటు దాటగానే బోగ్నా నావైపు తిరగకుండా అంది:

"కుర్చీ పోతే నేను హాంబర్గ్ వెళ్లిపోతానమ్మా. ముసలివాళ్లను చూసుకునే పని ఉందని, అక్కడున్న నా స్నేహితురాలు దనూటా ఎప్పటినుంచో పిలుస్తోంది."

"ముసలిదాన్ని ఇక్కడే ఒకదాన్ని పెట్టుకుని?"

"నువ్వు జీతం ఇవ్వవుగా," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఎవరైనా వెళ్లిపోతుంటే నేను చూడలేను. పదిహేడేళ్లప్పుడు, యుద్ధం అయ్యాక, సరిహద్దులు మారడంతో తూర్పున ఉన్న మా ఊరు ఖాళీ చేసి సరుకుల రైలెక్కాం. అమ్మమ్మ రానంది. పట్టాల పక్కన నిలబడి చెయ్యి ఊపింది. రైలు మలుపు తిరిగింది. ఆవిడ తర్వాత కూడా ఊపుతూనే ఉండి ఉంటుందని నాకు ఈనాటికీ అనిపిస్తుంది. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు ప్రయాణమైనా నేను సామాన్ల గదిలోకి పోయి జాడీల మూతలు తుడుస్తాను. గేటు చప్పుడయ్యాక బయటికొస్తాను. అందరికీ అలవాటైపోయింది. "అమ్మ జాడీల దగ్గరికి వెళ్లింది, ఇక బయల్దేరవచ్చు" అనేవాడు బోలెక్.

*

క్సావెరీ గారు కుర్రతనంలో యుద్ధానికి వెళ్లి, అటునుంచి అటే స్కాట్లండులో చిక్కుకుపోయి, అక్కడే పళ్ల వైద్యం చదివి, వాళ్లమ్మ కోసం తిరిగి వచ్చినవారు. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, నా చెయ్యి ముద్దుపెట్టుకుని, వంటింటి బల్ల దగ్గర కూర్చునేవారు.

ఒకరోజు కొవ్వొత్తి వెలిగించి బోగ్నా మూతి ముందు పెట్టారు. "మన భాషలో 'ప' అంటే పెదాలు విడిపోతాయి, అంతే. వాళ్ల భాషలో విడిపోతూ నిట్టూరుస్తాయి. మంట వంగాలి."

బోగ్నా ఎన్నిసార్లు అన్నా మంట నిటారుగా నిలబడే ఉంది. నేను గింజలు తీస్తూనే ఒక్కసారి అన్నాను. కొవ్వొత్తి ఆరిపోయింది.

"పోలా గారూ!" అని క్సావెరీ గారు లేచి నిలబడ్డారు.

"ఆవిడకేం," అంది బోగ్నా. "నిట్టూర్పుల్లో ఆవిడ డాక్టరు."

ఇంకోరోజు మాటల చివరలు. "మనం మాట చివర తలుపు ధడేలున వేసేస్తాం," అన్నారాయన. "గొంతు మీద వేలు పెట్టుకోండి. మాట పూర్తిగా అయిపోయేదాకా ఆ గుయ్‌మనడం ఆగకూడదు. చివరి అక్షరం దగ్గర తొందరపడి వెళ్లిపోకండి. ఒక క్షణం ఉండండి." నా ముందున్న సూపు గిన్నె చూపించి, భోజనాన్ని ఏమంటారో చెప్పారు. ఫూడ్.

నేను గొంతు మీద వేలు పెట్టుకుని, "ఫూ...డ్," అన్నాను. చివర వేలి కింద గొంతు ఇంకా కదులుతూనే ఉంది. మాట వెళ్లిపోలేదు. నాకు ఎంత నచ్చిందంటే, ఆ సాయంత్రం కోళ్లకు గింజలు వేస్తూ కూడా అదే అన్నాను. నాకు వచ్చిన ఇంగ్లీషు అదొక్కటే. దానికి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు.

బోగ్నా నాలుక కూడా దారికొచ్చింది. మొదట్లో మూడుకు 'ట్రీ' అనేది, అయిదుకు 'ఫైఫ్' అనేది. అందరం అలాగే అంటాం. జూన్ చివరికల్లా నాలుక పళ్ల మధ్య పెట్టి, తుంపర్లు పడకుండా 'త్రీ' అంది. పెదవి కొరికి 'ఫైవ్' అంది. క్సావెరీ గారి కళ్లు చెమర్చాయి. నేను చెర్రీ కేకు చేశాను.

*

జూలై మొదట్లో నోరీన్ వచ్చింది. ఆస్ట్రేలియా మనిషి, నా కంటే కాస్త చిన్నది, గొర్రెల పొలం ఉంది. అరవై ఏళ్లు వచ్చాక కూడా గ్లైడరెక్కి ఒంటరిగా తిరగడం ఏమిటో! పోటీలకు వచ్చినవాళ్లను ఊళ్లో ఇళ్లలో పెట్టారు, మాకు ఆమె వచ్చింది. గుమ్మంలో నా చెయ్యి అందుకోబోతే భయపడి లోపలికి లాగేశాను. గడప మీద చేతులు కలిపితే తగువులొస్తాయి. ఆమె ఏమీ అనుకోలేదు. లోపలికి వచ్చాక ఇంకా గట్టిగా ఊపింది.

ఆ మధ్యాహ్నం క్సావెరీ గారు కొత్త టై కట్టుకుని వచ్చి ఆమెను ఇంగ్లీషులో పలకరించారు. ఆమె ఆయన్ని పరకాయించి చూసింది. వాళ్ల మాటలు బోగ్నా నా చెవిలో చెప్పింది.

"మీరు స్కాట్లండా?"

"కాదమ్మా. రొట్టెల కొట్టు వెనక వీధి."

ఆమె పగలబడి నవ్వింది. ఆయన 'ర' అనేటప్పుడు అచ్చం స్కాట్లండు గొర్రెల కాపరిలా ఉందట. దాన్ని ఆయన మెచ్చుకోలుగానే తీసుకున్నారు. తర్వాత బోగ్నాను నిలబెట్టి, అంకెలు చెప్పించారు. బోగ్నా 'త్రీ' అంది, 'ఫైవ్' అంది. నేను నోరీన్ ముఖం చూస్తున్నాను, చప్పట్లు కొడుతుందేమోనని.

నోరీన్ తల గోక్కుంది. ఏదో చెప్పింది. బోగ్నా ముఖం ఎర్రబడింది. క్సావెరీ గారి ముఖం తెల్లబడింది.

"ఏమంది? ఏమందే?" అన్నాను.

"చాలా బావుంది అంది," అంటూ బోగ్నా కుర్చీలో కూలబడింది. "కానీ రేడియోలో అలా అనకూడదట. గరగర శబ్దంలో తెలియదని ప్రపంచమంతా మూడుని 'ట్రీ' అంటారట. అయిదుని 'ఫైఫ్' అంటారట. అదే రూలట."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. "అంటే నువ్వు మొదట అన్నదే?"

"మొదట అన్నదే!" బోగ్నా బల్ల మీద తల వాల్చి భుజాలు ఎగిరిపడేలా నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. "నెలరోజులు నాలుక కొరుక్కున్నానమ్మా! పోస్ట్‌మ్యాన్ చేత పిచ్చిదాన్ననిపించుకున్నాను!"

నోరీన్ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. క్సావెరీ గారు అద్దం రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నారు.

"నేను మనుషుల ఇంగ్లీషు నేర్పాను, బోగ్నా గారూ. యంత్రాల ఇంగ్లీషు నాకు తెలియదు." టోపీ పెట్టుకుని వెళ్లిపోయారు. నాకు సామాన్ల గదిలోకి పోయే వ్యవధి కూడా దొరకలేదు. గేటు మూసుకోవడం కళ్లారా చూశాను.

మరునాడు మూడింటికి ఆయన కప్పు బల్ల మీద పెట్టాను. ఆయన రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

*

సాధన మొదలైంది. పొద్దున్నే నోరీన్ నా భుజం తట్టి బయల్దేరేది. నేను జాడీల దగ్గరికి పోయేదాన్ని. మైదానంలో స్తంభానికి ఓ లౌడ్‌స్పీకరు ఉంది, రేడియోలో మాట్లాడేదంతా కింద ఉన్నవాళ్లకు వినిపించాలని. కిటికీ తెరిస్తే బోగ్నా గొంతు మా వంటింట్లోకి వచ్చేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చెవులు రిక్కించి వినేదాన్ని. అంకెలన్నీ తడబడకుండా చెబుతోంది. నా గుండె కుదుటపడింది.

సాయంత్రం లుడ్విక్ గారు వచ్చారు. కూర్చోలేదు.

"అర్థం కావడంలో ఇబ్బంది లేదు, బోగ్నా గారూ. ఒక్క తప్పు లేదు."

"మరి?"

"వాళ్లు అడుగుతున్నారు..." టోపీ తిప్పారు. "ఆవిడకు మా మీద కోపమెందుకు అని. ఒకతనైతే నేనేం తప్పు చేశానో చెప్పమని నా దగ్గరికే వచ్చాడు. పైన ఒంటరిగా ఉన్నవాడికి కింది గొంతు జైలు వార్డరు గొంతులా ఉంటే ఎలా చెప్పండి?"

"నాకు కోపం లేదు."

"నాకు తెలుసు. రేపొక్కరోజు చూద్దాం. తర్వాత పొజ్నాన్ అమ్మాయికి ఫోను చెయ్యాలి."

ఆయన వెళ్లాక బోగ్నా బీరువా మీదినుంచి పెట్టె దించి దుమ్ము తుడిచి మంచం పక్కన పెట్టుకుంది. నేను పుల్లటి సోరెల్ ఆకుల సూపు పెట్టాను, గుడ్డు కోసి వేశాను. ఇద్దరం తినలేదు.

పొద్దున్న ఎండ రాగానే గుడ్డ కప్పిన కేకు ముక్క పట్టుకుని క్సావెరీ గారి ఇంటికి నడిచాను. ఆయన తలుపు తీశారు. ఇస్త్రీ లేని చొక్కా.

"పోలా గారూ, నా వల్ల ఇంక ఉపయోగం లేదు."

"మీ కప్పు కడగలేక చస్తున్నాను," అన్నాను. "రోజూ బల్ల మీద పెట్టడం, రోజూ తియ్యడం. తాగి పోండి. పిల్ల పెట్టె దించింది."

ఆయన కేకు చూశారు, నన్ను చూశారు. "చొక్కా మార్చుకోనివ్వండి," అన్నారు.

మధ్యాహ్నం గ్లైడర్లు ఎగరడానికి ఇంకా సమయం ఉంది, మబ్బులు ఏర్పడలేదు. నోరీన్ మా పెరట్లో గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఆకాశం చూస్తోంది. క్సావెరీ గారు బల్ల దగ్గర టీ తాగుతూ కూర్చున్నారు. నేను రోజూ చేసే పనే చేశాను. పెరటిమెట్ల మీద నిలబడి, కంచె అవతలికి చూస్తూ పిలిచాను. మొదట బోలెక్ కోసం, తర్వాత బోగ్నా కోసం, పెళ్లైన నాటినుంచీ పిలుస్తున్న పిలుపే.

"బో...గ్నా...! సూపు చల్లారిపోతోందే...!"

నోరీన్ లేచి కూర్చుంది. నన్ను వేలితో చూపించి గబగబా ఏదో అంది. క్సావెరీ గారు కప్పు పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు.

"ఏమంటోంది?" అన్నాను, ఏం తప్పు చేశానోనని.

"వచ్చిన రోజునుంచీ మధ్యాహ్నం ఈ పిలుపు వింటోందట. ఏమంటున్నారో తెలియదట. కానీ వినగానే చేతిలో పని వదిలేసి వెళ్లాలనిపిస్తుందట. ఎవరిదా గొంతు అని రోజూ అడుగుదామనుకుంటోందట." ఆయన ఆగారు. కప్పు తొణికి టీ చొక్కా మీద పడింది, చూసుకోలేదు. "పోలా గారూ, మళ్లీ పిలవండి."

"దాన్ని పిలిచేశాగా, వస్తోంది."

"మళ్లీ పిలవండమ్మా!"

పిలిచాను. ఆయన కళ్లు మూసుకుని చేత్తో గాల్లో గీశారు. ఒకచోట పైకి, అక్కడ నిలిపి, మిగతా మాటలన్నీ మెట్లు దిగినట్టు మెల్లగా కిందికి. "ఇదీ! నేనొక్కో అక్షరం సరిచేశాను. మనం మాటలన్నిటినీ ఒకే బరువుతో ఇటుకల్లా పేరుస్తాం, వినేవాడికి గోడలా ఉంటుంది. వాళ్లు ఒక మాటను ఎత్తుకుంటారు, మిగతావాటిని జారనిస్తారు. ఇంట్లోనే పెట్టుకుని స్కాట్లండంతా వెతికాను!"

బోగ్నా కంచె దాటి వచ్చేసరికి ఆయన నోరీన్‌కు పిలుపు అర్థం చెప్పేశారు, ముగ్గురం మెట్ల మీద నిలబడి ఉన్నాం. దానికి సూపు పెట్టకుండానే మెట్ల పైకి ఎక్కించారు.

"గాలి సంగతి చెప్పండి," అన్నారు క్సావెరీ గారు. "మీ అమ్మ భోజనానికి పిలిచినట్టు."

"నాకు సిగ్గు."

"జైలు వార్డరుకు సిగ్గేమిటే?" అన్నాను.

అది నా వైపు ఉరిమి చూసి, కంచె వైపు తిరిగి, ఇంగ్లీషులో అంకెలు పిలిచింది. మొదటిసారి గోడే. రెండోసారి కాస్త వంగింది. మూడోసారి దాని గొంతు పైకి లేచి, నిలిచి, మెల్లగా దిగింది. మొన్నటిదాకా ధడేలుమన్న చివరి అక్షరం దగ్గర కూడా ఆగింది.

కోళ్లు పరిగెత్తుకొచ్చాయి. గుమ్మడి పాదు కిందినుంచి, కట్టెల చాటునుంచి, అన్నీ వచ్చి మెట్ల కింద మెడలెత్తి నిలబడ్డాయి, గింజలు వేస్తుందని.

నోరీన్ నవ్వుతూ మళ్లీ గడ్డి మీద పడిపోయింది. "పరీక్ష పాసు," అన్నారు క్సావెరీ గారు.

*

ఆ రోజు గ్లైడర్లన్నీ ఆలస్యంగా లేచాయి. ఎండ మాడ్చేస్తోంది. తూర్పుగాలి. నేను దుప్పట్లు ఉతికి పెరట్లో తాడు మీద ఆరేశాను. మా ఇల్లు మైదానానికి పడమటి కొసన ఉంటుంది. ఆ తాడు చెక్కగది కిటికీలోంచి కనిపిస్తుంది. గాలి చూపే గుడ్డగొట్టం తూర్పు కొసన ఉండటంతో, పడమటినుంచి గాలి తిరిగితే మా దుప్పట్లకే ముందు తెలిసేది. బోలెక్ అటొక చూపు, ఇటొక చూపు వేసేవాడు. "నా పెళ్లాం దుప్పట్లు అబద్ధమాడవు" అని మైదానమంతా చెప్పుకునేవాడు. ఉతికిన రోజు నాకు కాస్త గర్వంగా ఉండేది.

సాయంత్రమవుతుండగా పడమట ఆకాశం నేరేడుపండు రంగుకు తిరిగింది. వాన. తీసేద్దామని బుట్ట పట్టుకుని పరిగెత్తాను. మొదటి క్లిప్పు మీద చెయ్యి వేశాను. అప్పుడే దుప్పటి ఒక్కసారి ఊపిరి వదిలినట్టు కిందికి వాలింది. మరుక్షణం రెండోవైపుకు ఎగిరి నా ముఖానికి కొట్టుకుంది.

తలెత్తి చూశాను. దూరంగా తూర్పు కొసన గుడ్డగొట్టం ఇంకా పాత గాలే చూపిస్తోంది. మబ్బుకు భయపడి గ్లైడర్లన్నీ ఒకేసారి ఇంటికి వస్తున్నాయి, తెల్లగా, తక్కువ ఎత్తులో, గుంపుగా. అన్నీ మా ఇంటి మీదుగా, తూర్పుకు ఎదురుగా దిగడానికి వస్తున్నాయి. వాటి వెనకనుంచి ఈ గాలి వస్తోంది. వెనకగాలితో దిగితే ఆగలేవు. అంత మాత్రం బోలెక్‌తో కాపురం చేసినదానికి తెలుసు.

నేను క్లిప్పు మీదినుంచి చెయ్యి తీసేశాను. బుట్ట కింద పెట్టి తాడుకు అడ్డం లేకుండా పక్కకు జరిగాను. చినుకులు పడ్డాయి. దుప్పట్లు పటపటా కొట్టుకుంటూ తడుస్తున్నాయి.

లౌడ్‌స్పీకర్లోంచి వస్తున్నది గరగర ఒక్కటే. ఆ తర్వాత బోగ్నా గొంతు వచ్చింది.

మాటలు నాకు తెలియవు. పాట తెలుసు. పైకి లేచింది, నిలిచింది, మెల్లగా దిగింది. కంగారు లేదు, అరుపు లేదు. సూపు చల్లారిపోతోంది, ఇటునుంచి రండి, అందరికీ ఉంది, ఒకరి తర్వాత ఒకరు రండి. నేను వానలో నిలబడి నా గొంతు వింటున్నాను. అది నాకంటే బాగా పిలుస్తోంది.

మొదటి గ్లైడరు మా ఇంటి కప్పు మీదికి రాబోయి రెక్క వంచి తిరిగింది. వెనకది తిరిగింది. ఒక్కొక్కటే మైదానం చుట్టూ తూర్పు వైపుకు పోయి, అటునుంచి వాన గాలికి ఎదురుగా వచ్చి గడ్డిలో వాలాయి. తర్వాత కురిసింది వాన కాదు, కుండపోత. చివరికి ఒక్క నోరీన్‌ది మిగిలింది. బోగ్నా పిలుస్తూనే ఉంది, అదే పాట. నేను జాడీల దగ్గరికి పోలేదు. పోవాలని తోచనే లేదు. అవతల పాప్లార్ చెట్ల మీదినుంచి తెల్లటి రెక్క ఒకటి నీళ్లు చిమ్ముకుంటూ వచ్చి, దిగి, జారుతూ జారుతూ మా కంచె దగ్గర ఆగింది.

నోరీన్ అద్దం మూత ఎత్తి తల బయటపెట్టింది. వానలో నన్ను చూసి కేకేసింది. క్సావెరీ గారు గుమ్మంలో గొడుగు పట్టుకుని నిలబడి, ఆ కేకను నాకు అందించారు:

"సూపు చల్లారిందా అని అడుగుతోంది!"

లుడ్విక్ గారు తడిసి ముద్దై వచ్చి వంటింట్లో నిలబడ్డారు. నేల నిండా నీళ్లు. బోగ్నా రెండో గిన్నె సూపు తాగుతోంది.

"పొజ్నాన్ అమ్మాయికి ఏం చెప్పమంటారు?"

"దుప్పట్లు పిండటానికి మనిషి కావాలని చెప్పండి," అంది బోగ్నా.

*

పోటీలన్ని రోజులూ మా ఇల్లు సత్రం. ఎవరెవరో వచ్చి మెట్ల మీద కూర్చునేవారు, ఉడికిన బంగాళాదుంపలు, విరుగుడు జున్ను పెట్టమనేవారు. మధ్యాహ్నం నేను "ఫూ...డ్!" అని పిలిస్తే కంచె దూకి ఎనిమిది భాషలవాళ్లు పరిగెత్తుకొచ్చేవారు, కోళ్లతో కలిసి. క్సావెరీ గారు చివర కూర్చుని అందరి పళ్లూ పరిశీలించేవారు. ఆయన మూడింటికి రావడం మాని పన్నెండింటికే రావడం మొదలుపెట్టారు. ఈనాటికీ అదే వేళ.

చివరిరోజు గెలిచినవాళ్ల మీద బకెట్లతో నీళ్లు పోశారు, అది వాళ్ల ఆచారం. తర్వాత బకెట్లు మళ్లీ నింపుకుని చెక్కగదికి వెళ్లి, బోగ్నాను కుర్చీతో సహా బయటికి మోసుకొచ్చి దాని మీద పోశారు. బోలెక్ గొర్రెతోలు ఆరడానికి వారం పట్టింది.

నోరీన్ వెళ్లే రోజు పొద్దున బోగ్నా తన పెట్టె తెచ్చి వంటింటి బల్ల మీద తెరిచింది. హాంబర్గ్‌కే అనుకున్నాను. అది లోపల పాత కంబళి పరిచి, చెర్రీ జాడీలు ఒక్కొక్కటే పేర్చడం మొదలుపెట్టింది.

"పెట్టె ఇచ్చేస్తున్నావా?" అన్నాను.

"నాకెందుకమ్మా అది?" అంది, తల ఎత్తకుండా.

ఆ జాడీలను ఆస్ట్రేలియాలోకి రానివ్వరని నోరీన్ అంది. సరిహద్దు దాకా వెళ్లనిస్తే చాలని, ఆలోపే అన్నీ తినేస్తానని కూడా అంది.

ప్రయాణానికి ముందు మా తూర్పువాళ్లం కాసేపు కూర్చుంటాం. నలుగురం గోడవార బెంచీ మీద వరసగా, మాట్లాడకుండా కూర్చున్నాం. నోరీన్ ఎందుకని అడగలేదు. తర్వాత లేచింది. బోగ్నా నావైపు, సామాన్ల గది తలుపువైపు చూసింది. తలుపు తీసి ఉంచింది కూడా, నాకు వీలుగా.

నేను గేటు దాకా వెళ్లాను.

గ్లైడరు పెట్టిన పొడుగాటి బండి లాక్కుంటూ ఆమె అద్దె కారు పాప్లార్ చెట్ల మధ్య దారిలో మెల్లగా పోతోంది. మలుపు దగ్గరపడుతోంది. చెయ్యి ఊపడానికి ఎత్తాను. అది గాల్లో సగం దాకా వెళ్లి ఆగింది. వేలు దానంతటదే నా గొంతు మీదికి వచ్చింది.

"ఫూ...డ్!" అని పిలిచాను.

కారు హారన్ మోగింది, ఒకటి పొడుగ్గా, మలుపు తిరిగాక కూడా మోగుతూ. వేలి కింద నా గొంతు ఇంకా కదులుతూనే ఉంది. వెనక పెరట్లోంచి కోళ్లు పరిగెత్తుకొచ్చి నా కాళ్ల చుట్టూ చేరాయి.

"వాటికి వెయ్యమ్మా," అంది బోగ్నా. "పిలిచి ఊరుకుంటే ఎలా?"